పొడి అక్షరములు – కల్పిత సంస్థలు

అర్ధసంవత్సరపు సెలవులలో మా మనుమడొక క్విజ్జు పుస్తకము చేతబట్టుకొని సోగత్తూరులోని మా యింటికి వచ్చెను. అందు వైజ్ఞానిక కల్పనా కథలలోని సంస్థల పేర్లకును, వాని పొడి అక్షరములకును ఒక ప్రకరణమే కేటాయింపబడియున్నది. వాడు దానిని వల్లెవేయుచు, మమ్ము పరీక్షింపనెంచి, "తాతా! హెచ్.ఎ.ఎల్. అంటే ఏమిటో చెప్పు" అని యడిగెను. మేము తడుముకొనక, "హిందూస్థాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్. బెంగుళూరులో ఉంది. విమానాలు చేస్తారు" అంటిమి. "తప్పు" అని వాడు నవ్వెను. వాని పుస్తకములో అది యొక కంప్యూటరు పేరు. 1968లో వెలువడిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' అను చలనచిత్రములో బృహస్పతి గ్రహమునకు పోవు నౌకను నడపుచు, కడకు ఆ నౌకలోని మనుష్యులనే చంపబూనిన యంత్రమది.

మాకు పట్టుదల కలిగినది. "మూడో అర్థం కూడా ఉందిరా. మీ పుస్తకంలో ఉందా?" అంటిమి. లేదు. ఆ మూడవది పెద్ద బాలశిక్షలో మొదటి పాఠము నాడే మనము నేర్చినది. అచ్చులు, హల్లులు అనుచున్నాముగదా, ఆ పేర్లెక్కడివి? పాణిని వ్యాకరణమునకు మొదట పదునాలుగు చిన్న సూత్రములు కలవు. వానిలో వర్ణములన్నియు ఒక వరుసను కూర్చబడియున్నవి. ఆ వరుసలో ఒక వర్ణమును పట్టుకొని, ఎచ్చట నాపదలచినామో అచ్చటి గుర్తక్షరమును దానికి చేర్చినయెడల, నడుమనున్నవన్నియు ఆ రెండక్షరములలో ఇమిడిపోవును. దీనికి ప్రత్యాహారమని పేరు. మొదటి సూత్రములోని 'అ' మొదలు నాలుగవ సూత్రపు తుది 'చ్' వరకు 'అచ్'. అయిదవ సూత్రములోని 'హ' మొదలు పదునాలుగవ సూత్రపు తుది 'ల్' వరకు 'హల్'. అదియే మన హల్లు. రెండువేల యేండ్లకు పైగా మనము పొడి అక్షరములను పలుకుచు, అవి పొడి అక్షరములన్న సంగతియే మరచితిమి. మా మనుమడు కొంతసేపు ఊరకుండి, "ఇది క్విజ్జులో అడగరు తాతా" అనెను.

అడుగకపోయినను, వాని పుస్తకములోని ప్రకరణమును మేము మూడు దినములు చదివితిమి. పొట్టిపేర్ల వెనుక ఇంత చరిత్ర కలదని అంతకుముందు మేమెరుగము.

ఈ కల్పిత సంస్థలలో ముందుగా చెప్పదగినది చెక్ రచయిత కారెల్ చాపెక్ సృష్టించినది. 1920లో ఆయన ప్రకటించిన నాటకమునకు పేరే మూడు పొడి అక్షరములు: ఆర్. యు. ఆర్. 'రోసమ్స్ యూనివర్సల్ రోబోట్స్' అను కంపెనీ పేరది. చెక్ భాషలో 'రోజుమ్' అనగా బుద్ధి. 'రోబోటా' అనగా కూలి లేకుండ ప్రభువులకు చేయవలసిన చాకిరి; మన పల్లెలలో దానినే వెట్టి యందురు. ఆ మాటను తనకందించినవాడు తన యన్న జోసెఫ్ అని చాపెక్కే చెప్పెను. 1921 జనవరిలో ఆ నాటకము ప్రాగ్ నగరమునందలి జాతీయ నాటకశాలలో ప్రదర్శింపబడెను. కృత్రిమముగా చేసిన పనివాండ్రను కంపెనీవారు దేశదేశములకు అమ్ముదురు. ఆ పనివాండ్రు తిరుగబడి మనుష్యజాతినే తుడిచివేయుదురు. అచ్చటినుండి 'రోబో' అనుమాట లోకమంతట వ్యాపించినది. 2010లో శంకర్ తీసిన తమిళ 'ఎందిరన్' తెలుగులోనికి 'రోబో' యను పేరుతోనే వచ్చెను. ఆ చిత్రము చూచిన మన పిల్లలు 'వెట్టి' యను పేరుగల చిత్రమును చూచితిమని యెరుగరు.

చాపెక్ చేసిన యెగతాళి మాకు నచ్చినది. పనివానికి వెట్టివాడని పేరు పెట్టి, వానిని అమ్ము కంపెనీకి మాత్రము గౌరవముగా మూడక్షరముల బోర్డు కట్టెను. బోర్డు చూచినవానికి అక్షరములే కనబడును, వెట్టి కనబడదు. మేము గుమాస్తా యుద్యోగములో తల నెరపినవారము గనుక ఇది మాకు క్రొత్త కాదు. మద్రాసు రాజధాని కాలమునుండియు ఈ ప్రాంతపు కార్యాలయములలో, ముగిసిన కాగితముమీద ఆర్.డిస్., డి.డిస్. అను గుర్తులు వేయు ఆచారము కలదు. 'ఆర్' పడినది రికార్డు గదిలో శాశ్వతముగా నుండును. 'డి' పడినది గడువు తీరినంతనే నాశనము. క్రొత్తగా చేరిన పిల్లవాండ్రు ఆ గుర్తులు వేయుట వారము దినములలో నేర్చుకొనెడివారు. ఆ యక్షరమునకు పూర్తి మాట యేమి యని యడిగినచో ఒకరి ముఖ మొకరు చూచుకొనెడివారు. కాగితము చావు బ్రతుకులు మాత్రము ఆ యొక్క యక్షరముమీదనే నడచెడివి.

కార్యాలయమునకును కథకును ఒక భేదము కలదు. కార్యాలయములో పేరు ముందు పుట్టును, పొడి అక్షరములు తరువాత వచ్చును. కథకులు సాధారణముగా దీనిని తలక్రిందులు చేయుదురు. చెవికింపైన మాటనొకదానిని ముందు ఏరుకొని, దాని యక్షరములకు సరిపోవు పేరును తరువాత కుట్టుదురు. బ్రిటిషు రచయిత సి.ఎస్. లూయిస్ 1945లో 'దట్ హిడియస్ స్ట్రెంగ్త్' అను నవల ప్రకటించెను. అందులో ఒక సంస్థ విజ్ఞానము పేరు చెప్పి, సొంత పోలీసులను పెట్టుకొని, చిన్న కళాశాల పట్టణమొకదానిని మ్రింగివేయును. దాని పేరు 'నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కోఆర్డినేటెడ్ ఎక్స్‌పెరిమెంట్స్'. పొడి అక్షరములు కలిపి చదివిన 'నైస్', అనగా మంచిది, ఇంపైనది యని యర్థము. ఇంతటితో ఆగలేదు. 1999లో ఆ దేశపు ప్రభుత్వమే ఔషధముల యోగ్యతను, ఖర్చును విచారించుటకు నిజమైన సంస్థ నొకదానిని స్థాపించి, దానికి సరిగా ఆ నాలుగక్షరములే వచ్చునట్లు పేరు పెట్టెను. 2013లో పూర్తి పేరు మారినది గాని 'నైస్' మారలేదు.

అమెరికావారి బొమ్మల కథలలో 1965లో పుట్టిన 'షీల్డ్' సంగతియు ఇట్టిదే. షీల్డ్ అనగా డాలు. మొదట దాని విస్తరణ ఒకటి; 2008లో వచ్చిన 'ఐరన్ మ్యాన్' చిత్రము నాటికి విస్తరణ వేరొకటి. డాలు మాత్రము అదే డాలు. క్విజ్జులో ఏ యేటి విస్తరణ చెప్పవలెనో తెలియక మా మనుమడు తల గోకికొనెను.

ఐక్యరాజ్య సమితి ఈ వ్యవహారములో రెండుమార్లు చిక్కుకొన్నది. 1964 మొదలు 1968 వరకు అమెరికా టెలివిజనులో 'ద మ్యాన్ ఫ్రమ్ అంకుల్' అను ధారావాహిక నడచెను. అంకుల్ అనగా మామ, బాబాయి. యు.ఎన్. అను రెండక్షరములతో మొదలగుటచే అది ఐక్యరాజ్య సమితి వారిదేమోయని జనులు భ్రమింతురని నిర్మాతల న్యాయవాదులు భయపడిరి. అందుచే 'యునైటెడ్ నెట్‌వర్క్ కమాండ్ ఫర్ లా అండ్ ఎన్‌ఫోర్స్‌మెంట్' అను పూర్తి పేరు కుదిర్చిరి. అంతేకాక, లేని ఆ సంస్థ చేసిన సహాయమునకు కృతజ్ఞత తెలుపుచు ప్రతి భాగము చివర ఒక వాక్యమును కూడ చేర్చిరి! 1968లో బ్రిటిషువారి 'డాక్టర్ హూ' ధారావాహికలో 'యూనిట్' అను సైనిక సంస్థ తోచినది. అందలి మొదటి రెండక్షరములు బాహాటముగా ఐక్యరాజ్య సమితివే. నలుబది యేండ్లపాటు అట్లే సాగి, 2008 నాటికి 'యునైటెడ్ నేషన్స్' తీసివేసి 'యూనిఫైడ్' అని మార్చిరి. అక్షరములు చెక్కుచెదరలేదు. మన తెలుగు పత్రికలవారు ఆ సమితిని 'ఐరాస' యని వ్రాయుదురు. ఐ, రా, స: మూడును తెలుగు అక్షరములే. ఇంగ్లీషువారి అంకుల్‌లో దూరిన యు.ఎన్. మన ఐరాసలో దూరజాలదు. దీని సంగతి మరల చెప్పెదము.

నిజమైనవి కల్పితములవలె తోచుటయు కలదు. జేమ్స్ బాండ్ కథలు వ్రాసిన ఇయాన్ ఫ్లెమింగ్ 1953 నాటి తన మొదటి నవలలో 'స్మెర్ష్' అను శత్రు సంస్థను చూపెను. చదివినవారు అది యాయన కట్టుకథ యనుకొనవచ్చును. కాదు, అది 1943లో సోవియట్ రష్యాలో నిజముగా ఏర్పడి, 1946లో రద్దయిన సంస్థ. 'గూఢచారులకు మరణము' అను రష్యను మాటల పొడి రూపమది. 1961 నాటి ఆయన నవలలో 'స్పెక్టర్' అను వేరొక కల్పిత సంస్థ కనబడును. స్పెక్టర్ అనగా దయ్యము. లేని సంస్థకు అంతకంటె తగిన పేరుండదు.

ఇప్పుడు హెచ్.ఎ.ఎల్. దగ్గరకు మరల వచ్చెదము. ఆ కథను కూర్చిన ఆర్థర్ సి. క్లార్క్ మనకు దూరపువాడు కాదు. ఆయన 1956 నుండి 2008లో మరణించువరకు సింహళములోనే నివసించెను. కృత్రిమ ఉపగ్రహముల ద్వారా వార్తలు పంపవచ్చునని 1945లోనే వ్రాసినవాడు. 1975లో మన భారతదేశము ఉపగ్రహము ద్వారా గ్రామములకు టెలివిజను పాఠములు పంపు 'సైట్' ప్రయోగమును మొదలిడి, ఆంధ్రప్రదేశముతో కూడి ఆరు రాష్ట్రములలోని 2400 పల్లెలలో ఏడాదిపాటు నడిపెను. ('సైట్' కూడ పొడి అక్షరములదే, ఇంగ్లీషులో ఆ ధ్వనికి చూపు అనియు అర్థము కలదు. పేరు పెట్టినవారు రసికులు.)

'హాల్' అను కంప్యూటరు పేరునకు క్లార్క్ ఇచ్చిన విస్తరణ 'హ్యూరిస్టికలీ ప్రోగ్రామ్డ్ ఆల్గొరిథమిక్ కంప్యూటర్'. కాని పాఠకులు ఊరకుండిరా? ఇంగ్లీషు అక్షరమాలలో హెచ్, ఎ, ఎల్ తరువాతి యక్షరములు ఐ, బి, ఎమ్. అవి జగత్ప్రసిద్ధమైన కంప్యూటరు కంపెనీ పొడి అక్షరములు. ఆ కంపెనీకంటె ఒక యడుగు ముందున్నదని సూచించుటకే యిట్లు పెట్టెనని పుకారు పుట్టెను. క్లార్క్ ఎన్నిమార్లు కాదన్నను ఎవరును వినలేదు. కడపట 1982లో ప్రకటించిన రెండవ నవలలో, ఆ యంత్రమును తయారుచేసిన డాక్టరు చంద్ర నోటనే ఆ పుకారును ఖండింపజేసెను. ఈ డాక్టరు చంద్ర మనవాడే. ఆ నవలలో ఆయన పూర్తి నామము శివసుబ్రమణియన్ చంద్రశేగరంపిళ్లై. అమెరికావారి నోరు తిరుగదు గనుక చంద్ర యయ్యెను. యంత్రపు పేరునకు విస్తరణ చెప్పి పోరాడిన మనుష్యుని పేరే కత్తిరింపబడియుండుట చదివి మేము కొంచెము సేపు పుస్తకము మూసియుంచితిమి.

బెంగుళూరి హెచ్.ఎ.ఎల్. ఆ కల్పిత యంత్రముకంటె పెద్దది. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానపు తోడ్పాటుతో హిందూస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ అను పేర స్థాపించినది. 1964లో వేరొక సంస్థతో కలిసి హిందూస్థాన్ ఏరోనాటిక్స్ అయ్యెను. అప్పుడును, ఇప్పుడును హెచ్.ఎ.ఎల్.లే. చిత్రము రాక నాలుగేండ్లకు ముందే పూర్తియైన పేరది. కావున మా జవాబు తప్పు కాదని వాదించితిమి. మా మనుమడు అరమార్కు ఇచ్చెను.

తెలుగు కల్పనాకారులు ఈ పొడి అక్షరముల విషయములో మొదట అంతగా ఆసక్తి చూపలేదు. అంకెలమీదనే వారికి మక్కువ. 1966లో కృష్ణ నటించిన 'గూఢచారి 116', 1991లో సింగీతం శ్రీనివాసరావు తీసిన 'ఆదిత్య 369' దీనికి తార్కాణములు. 'ఆదిత్య 369'లో కాలయంత్రమెక్కి రాయలవారి సభకు పోయి వత్తురు. మధుబాబు వ్రాసిన షాడో నవలలలో మాత్రము నాయకుడు సి.ఐ.బి. యను సంస్థకు చెందినవాడు. నిజమునకు ప్రభుత్వములో ఐ.బి. కలదు, సి.బి.ఐ. కలదు, ఆ రెంటిని కలిపి గిలకొట్టినట్లున్న ఈ సి.ఐ.బి.ని మా వయస్సువారు చాలమంది నిజమైనదే యని నమ్మిరి. మేమును నమ్మితిమి. ఇటీవల నాగ్ అశ్విన్ తీసిన వైజ్ఞానిక కల్పనా చిత్రము చాలకాలము 'ప్రాజెక్ట్ కె' అను పేరుతోనే పిలువబడెను. ఆ 'కె' యేమిటని ప్రజలు ఊహించుచుండగా, 2023 జూలైలో 'కల్కి 2898 ఏ.డి.' యని బయటపెట్టిరి. చిత్రము 2024లో విడుదలయ్యెను. ఒంటి యక్షరమును ఎరవేసి దేశమును నెలల తరబడి ఎదురుచూడజేయుట అట్టివారికే చెల్లును.

కల్పన కాని శ్రీహరికోటను కూడ ఇచ్చట చెప్పవలెను. 1971లో మొదటి రాకెట్టు ఎగిరిన ఆ కేంద్రమునకు 'శ్రీహరికోట హై ఆల్టిట్యూడ్ రేంజ్' అను పేరునుండి 'షార్' అనునది వచ్చెను. శరము, అనగా బాణము, చెవిని పడును. 2002లో దానికి సతీశ్ ధవన్ పేరు పెట్టినారు. ఇప్పుడు 'షార్' అనునది ఆ పేరునకు పొడి రూపము కాదు, అయినను తొలగలేదు. సతీశ్ ధవన్ అంతరిక్ష కేంద్రము, షార్ అనియే వ్రాయుచున్నారు.

తెలుగువారు పొడి అక్షరములలో నిజముగా రాణించినది సంస్థల పేర్లలో కాదు, కవుల పేర్లలో. శ్రీరంగం శ్రీనివాసరావు శ్రీశ్రీ యయ్యెను. చాగంటి సోమయాజులు చా.సో. అయ్యెను. రాచకొండ విశ్వనాథశాస్త్రి రావిశాస్త్రి యయ్యెను. వైజ్ఞానిక కల్పనా కథలును వ్రాసి, చందమామను నడపిన కొడవటిగంటి కుటుంబరావు కొ.కు. అయ్యెను. పాఠకులొక్క సంగతి గమనింపగలరు. ఈ నలుగురి పేర్లలోను మొదటి యక్షరము ఇంటిపేరుది. ఎంత కత్తిరించినను ఇంటిపేరు అక్షరమాత్రముగానైన మిగిలినది. మరియు ఆ యక్షరము తెలుగు అక్షరము. 'చా' యన్న 'చా'యే, 'సి' కాదు. ఐరాస వలె వీనిలో పరుల పేరు దూరుటకు సందు లేదు.

ఇంతకు ఈ ప్రకరణములో మమ్ము కలతపెట్టినది ఐజాక్ అసిమోవ్ వ్రాసిన యొక చిన్న కథ. 1951లో అమెరికాలో 'యూనివాక్' అను నిజమైన కంప్యూటరు వచ్చెను. 'యూనివర్సల్ ఆటోమేటిక్ కంప్యూటర్' అనుదానికి అది పొడి రూపము. అసిమోవ్ దానిని ఒక్క వాక్యూమ్ గొట్టము గలదిగా పొరబడి, అనేక గొట్టములు గలదానికి 'మల్టివాక్' అని పేరు కల్పించెను. పొరపాటునుండి పుట్టిన ఈ పేరుతో ఆయన పెక్కు కథలు వ్రాసెను. 1956 నాటి 'ద లాస్ట్ క్వశ్చన్' అను కథలో ఆ యంత్రము యుగయుగములు సాగిపోవును. అందులో భవిష్యత్కాలపు గృహస్థుడొకడు కుటుంబముతో భూమిని విడిచి వేరొక లోకములో కాపురముండుటకు పోవుచుండును. నౌకలోని యంత్రము పేరు చివరనున్న రెండక్షరములకు ప్రాచీన భాషలో అర్థమేమో ఎవరో యొకప్పుడు వానికి చెప్పియున్నారు. అదియు మరపునకు వచ్చుచున్నది. కథకుడు ఒక్క వాక్యముతో దానిని దాటిపోయెను. మేము దాటలేకపోతిమి. ఊరు విడిచి పరభాషా ప్రాంతములో స్థిరపడిన కుటుంబము, చేతిలో రెండక్షరములు, వాని యర్థము మరపునకు వచ్చుట – ఇది మన కథయే గదా!

ధర్మపురి ప్రాంతపు తెలుగువారిలో ఇంటిపేరు లేని కుటుంబము లేదు. కాని తమిళ దేశపు వాడుక వేరు. ఇచ్చట పేరునకు ముందుండు పొడి అక్షరము తండ్రి పేరునకు గుర్తు. ఆ వాడుక వారికి తగినది, మేము తప్పుపట్టము. తరమునకొక యక్షరము మారును. మా తండ్రి యక్షరము మా ముందు, మా యక్షరము మా కుమారుని ముందు, వాని యక్షరము మనుమని ముందు. ఇంటిపేరునకు అక్షరమే లేదు. పైగా తమిళ లిపిలో క-గ-లకు ఒకటే గుర్తు, ప-బ-భ-లకు ఒకటే గుర్తు. 2021 డిసెంబరులో తమిళనాడు ప్రభుత్వము పొడి అక్షరములను కూడ తమిళములోనే వ్రాయవలెనని ఉత్తరువు చేసినది. తమిళ భాషకు అది గౌరవమే. మా యింటిపేరు గ-కారముతో మొదలగును. దానిని చేర్చుకొన్నను ఇక క-కారమై కూర్చుండును.

దోషము ప్రభుత్వముది కాదు. మా కుమారుని బడిలో చేర్పించునాడు దరఖాస్తు కాగితము పూర్తిచేసినది మేమే. ఇనిషియల్ అని యున్న చోట ఒక్క గడి యుండెను. రెండక్షరములు వ్రాయవచ్చునా యని అడుగవలసినది. మేము ఉద్యోగములో వేలకొలది పేర్లను రిజిస్టర్లలో కెక్కించినవారము. ఒక గడిలో ఒక యక్షరము మాకు అలవాటు. మా పేరి మొదటి యక్షరము వ్రాసి సంతకము చేసి యిచ్చివేసితిమి. అర నిమిషపు పని.

అది ఎచ్చట తేలినదనగా, క్రిందటి సంవత్సరము హోసూరు వైపునుండి మా పెద్ద మనుమరాలికి ఒక సంబంధము వచ్చినది. వచ్చిన పెద్దమనిషి ఆ పిల్లను చూచి ఆదరముగా, "మీ ఇంటిపేరు ఏమిటమ్మా?" అని యడిగెను. పిల్ల తన యినిషియలు చెప్పెను. అందరును నవ్విరి. ఆయన నవ్వక మా వైపు తిరిగి, "ఇంటిపేరు తెలీకుండా వరస ఎట్ల కట్టేదన్నా?" అనెను. ఆయన మాట నిజము. ఒక్క యింటిపేరువారు అన్నదమ్ముల వరుస, పెండ్లి పనికిరాదు. మన పూర్వులు ఈ దేశమునకు వచ్చి ఇన్ని తరములైనను వరుస తప్పక పెండ్లిండ్లు చేసికొనినది ఆ యొక్క మాటను పట్టుకొనియే.

మనుమనికి ఈ సంగతి చెప్పితిమి. వాడు క్విజ్జు పుస్తకము చివర ఖాళీ పుటమీద తన పేరు తెలుగులో వ్రాసి, దాని ముందు 'గ' యనియు, పిదప తండ్రి యక్షరమును పెట్టెను. అక్షరములు కొంచెము వంకరగా వచ్చినవి. వానికి తెలుగు నేర్పుచున్నది మేమే, బడి కాదు. పిదప, "సరే తాతా, గ అంటే పూర్తిగా ఏమిటి? దానికి అర్థం?" అని యడిగెను. ఇంటిపేరు చెప్పితిమి. అది యొక యూరి పేరనియు, మనవారు ఆ యూరినుండి దక్షిణమునకు వచ్చిరనియు మా నాయన చెప్పెడివారంటిమి. ఎచ్చటనున్నదని వాడడిగెను. ఫోనులో పటము తెరచి తానే వెదకెను. ఆంధ్ర దేశములో ఆ పేరుగల యూళ్లు మూడు కనబడినవి. ఏది మనదో చెప్పుటకు మా నాయన లేరు. వారున్న దినములలో మేమడుగలేదు. వాడు మూడింటి మీదను గుర్తులు పెట్టుకొనెను.